గార్డుగారి కారుకు నేను కుట్టిన టాపు

పాత కార్లు బాగుచేసే పనిలోకి రావాలంటే ఏం చదవాలి ఆంటీ అని మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక ఒక అమ్మాయి నన్ను అడిగింది. వడ్లమూడిలో ఇంజనీరింగు చదువుతోంది. నేను కార్ల సీట్లూ టాపులూ కుట్టి బతికానని వాళ్ళమ్మ చెప్పిందట. నేను బడి గడప తొక్కిన దాన్ని కాదు. నాతో కలిసి ఆ పని చేసిన వాళ్ళలో ఒక్కరూ దాని కోసం చదువుకున్న వాళ్ళు కారు. ఆలోచించి రాసి ఇస్తానన్నాను. రాయబోతే జవాబు కంటే ముందు నేను చేసిన ఒక తప్పు గుర్తొచ్చింది. అదే రాస్తున్నాను. జవాబు అందులోనే ఎక్కడో దొరుకుతుంది.

చిన్నప్పుడు నాకు కీళ్ళ జ్వరం వచ్చి చాలాకాలం మంచం మీదే ఉన్నాను. తగ్గాక కూడా బడికి నడిచి వెళ్ళే ఓపిక రాలేదు. మా నాన్నగారు చర్చి సంఘం బడిలో పంతులు. సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, నా పక్కన కూర్చుని చదువు చెప్పేవారు. లెక్కలు మాత్రం అమ్మ కుట్టుమిషను దగ్గర నేర్పారు. అంగుళంలో సగం, సగంలో సగం, అందులో సగం టేపు మీద చూపించి, "కనిపించే లెక్క ఎప్పుడూ మర్చిపోవు" అనేవారు. నిజమే, మర్చిపోలేదు. ఆ ఇద్దరి కోసం దేవునికి ఇప్పటికీ రోజూ కృతజ్ఞత చెప్పుకుంటాను.

పెళ్ళయి తెనాలి వచ్చాక ఇంటి వసారాలో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేదాన్ని. మా ఆయన లారీ డ్రైవరు. ఒకరోజు చిరిగిపోయిన డ్రైవరు సీటు ఊడదీసి భుజాన వేసుకుని తెచ్చారు.

"ఊరందరికీ జాకెట్లు కుడతావు, దీనికి కుట్టలేవా?"

"దీనికి చేతులు లేవుగా, తేలికే" అన్నాను.

తేలిక కాదు. రెగ్జిన్ సూది కింద జారింది, రెండు సూదులు విరిగాయి. అయినా కుట్టాను. దాన్ని చూసి ఇంకో లారీ సీటు వచ్చింది. తర్వాత కొల్లిపర వైపు నుంచి ట్రాక్టరు సీట్లు వచ్చాయి. అలా ఎనభైల మధ్యలో, పాత కార్లు బాగుచేసే ఒక మేస్త్రిగారి షెడ్డు నుంచి కబురొచ్చింది. ఆయనకు ఆడమనిషిని షెడ్డులోకి రానివ్వడం ఇష్టం లేదు. మా ఆయన్ని పక్కకి పిలిచి, "మాటలెక్కువా?" అని అడిగాడట. "నాతో తప్ప ఎవరితోనూ మాట్లాడదు" అని ఈయన చెప్పారట. కొలతలకు నేను షెడ్డుకు వెళ్ళడం, కుట్టు మాత్రం ఇంట్లో కుట్టడం అనే ఒప్పందం మీద పని మొదలైంది.

ఆదివారం మధ్యాహ్నాలు ఆ షెడ్డు చూడాలి. పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్ళంతా అక్కడికి చేరేవారు. బాపట్ల నుంచి ఒక లెక్చరర్‌గారు వచ్చేవారు. కాలేజీలో పైర్ల చీడల గురించి పాఠాలు చెప్పే మనిషి, ఇక్కడ కార్బురేటరు విప్పి చిన్న బ్రష్షుతో తోముతూ కూర్చునేవారు. తెనాలిలో ఒక కళ్ళ డాక్టరుగారు, దుగ్గిరాలలో ఒక పసుపు వ్యాపారి ఉండేవారు. వైరింగు చూసే ఆయన అసలు సినిమా హాల్లో ప్రొజెక్టరు నడిపేవాడు, "ఇందులో బొమ్మ పడదు, అదొక్కటే తేడా" అనేవాడు. వీళ్ళందరికంటే పెద్దవాడు రేపల్లె రైలు మీద పనిచేసే గార్డుగారు. డ్యూటీలో ఉన్నప్పుడు ఇస్త్రీ మడత నలగని తెల్ల యూనిఫారం, ఆదివారం మాత్రం గ్రీజు మరకల బనీను. నేను ఆరాధన ముగించుకుని వచ్చేదాకా సీట్ల పని మొదలుపెట్టేవారు కారు. నేనడక్కుండానే వాళ్ళు చూపిన మర్యాద అది.

ఎవరి కారు అయినా అందరూ చెయ్యి వేసేవారు. వాళ్ళలో ఒక కట్టుబాటు ఉండేది. ఎక్కడా రాసుకున్నది కాదు. ఎవరి పని చెడితే వాళ్ళకు తర్వాతి బండి పని ఇచ్చేవారు కారు. రంగు వేసే ఒకాయన వేసిన రంగు బుడగలు లేచిందని, ఎంత మంచివాడైనా మళ్ళీ పిలవలేదు.

గార్డుగారి కారు స్వాతంత్ర్యానికి ముందుది, టాపు వెనక్కి మడిచే రకం. కొల్లిపర దగ్గర ఒక పల్లెలో, పెద్ద ఇంటి కొట్టంలో దొరికింది. వెనక సీట్లో కోళ్ళు గుడ్లు పెట్టేవట. ఆ ఇంటావిడ కారు ఇవ్వడానికి వెంటనే ఒప్పుకుంది గానీ పొదుగుతున్న కోడి లేచేదాకా ఆగమందట. ఆయన ఆగారు. ఇంజనుకి రెండేళ్ళు పట్టింది. సీట్లు నేను కుట్టాను. చివరికి టాపు మిగిలింది.

ఆ టాపుని మోసేవి మూడు వంపు చెక్కలు. కారుకి అడ్డంగా, విల్లులాగా ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. వాటి మీద గుడ్డ పరిచి, ముందు అద్దం ఫ్రేముకి కొక్కేలతో బిగించాలి. ఉన్న చెక్కల్ని చెదలు తినేశాయి. తెనాలి వడ్రంగులు తలుపులూ మంచాలూ చేస్తారు గానీ కర్రని అలా వంచలేమన్నారు. అప్పుడు గార్డుగారు రేపల్లె అవతల సముద్రం వైపు నుంచి ఒక పడవల వడ్రంగిని తీసుకొచ్చారు. అరవై దాటిన మనిషి. నీళ్ళు మరుగుతున్న డ్రమ్ము మీద ఇనప గొట్టం పెట్టి, కుడుములు ఉడికించినట్టు కర్రని ఆవిరికి ఉడికించి, చేతులకి గోనె చుట్టుకుని వంచేవాడు. మేమంతా పని మానేసి చూసేవాళ్ళం. నేను ఆయన్ని బాబాయ్ అని పిలిచేదాన్ని.

అప్పటికే రేవుల్లోకి ఫైబరు పడవలు వచ్చేశాయి. చెక్క పడవలు చేయించే వాళ్ళు లేరు. బాబాయ్ పనితనం చూసి లెక్చరర్‌గారు, డాక్టరుగారు, పసుపు వ్యాపారి తమ మూడు కార్ల చెక్కపని ఆయనకే ఇస్తామన్నారు. రెండేళ్ళ పని అది. ఆ మాట విన్నరోజు ఆయన తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. "ఇంటి దగ్గర ఉలికి తుప్పు పట్టిందమ్మాయ్" అని నాతో మాత్రం అన్నాడు.

ఇక నా తప్పు.

టాపుకి గోధుమరంగు కాన్వాసు తెచ్చారు, మందపాటి నూలు గుడ్డ. గంజి నిగనిగలాడుతూ, పరిస్తే పలకలా నిలబడేది. నూలు గుడ్డ తడిస్తే కుంచించుకుపోతుందని జాకెట్లు కుట్టే ఏ ఆడమనిషికైనా తెలుసు. లైనింగు గుడ్డ తడిపి ఆరేయకుండా నేను ఏనాడూ కత్తెర పెట్టలేదు. కానీ ఈ గుడ్డని తడిపితే ఆ నిగనిగ పోతుంది. మెత్తబడి పాత దుప్పటిలా వేలాడుతుంది. మేస్త్రిగారు మొదటిసారి నా పని చూసి నోరెళ్ళబెట్టాలని నాకు ఆశ. గుడ్డకి నీళ్ళు పట్టవని కొట్టువాడు చెప్పాడని కూడా విన్నాను. ఆ మాట నమ్మడం నాకు అవసరమైంది, నమ్మాను.

నేను సుద్దతో గీతలు గీస్తుంటే బాబాయ్ వచ్చి గుడ్డ అంచు వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"తడిపావా తల్లీ?"

"లేదు బాబాయ్."

"మా వైపు తెరచాప గుడ్డని నీళ్ళు చూపించకుండా కొయ్యం."

"ఇది తెరచాప కాదు బాబాయ్, కారు టాపు."

ఆయన నవ్వి వెళ్ళిపోయాడు. నేను కత్తెర పెట్టాను. టాపు బిగించిన రోజు దాని మీద వేలితో కొడితే డోలు మోగినట్టు మోగింది. మేస్త్రిగారు చుట్టూ తిరిగి చూసి, "ఊఁ" అన్నాడు. ఆయన దగ్గర అది పెద్ద బిరుదు. ఆ రాత్రి ప్రార్థనలో నా చేతుల కోసం కృతజ్ఞత చెప్పాను. గుడ్డ సంగతి దేవునితో ప్రస్తావించలేదు.

ఆ నెలాఖరున గార్డుగారి రిటైర్మెంటు. చివరి డ్యూటీ తెనాలి నుంచి రేపల్లె బండి మీద. ఆయన గార్డు పెట్టెలోంచి దిగి నేరుగా తన కారెక్కి రేపల్లెలోని ఇంటికి వెళ్ళాలని స్నేహితులంతా అనుకున్నారు. మేం కారుని ముందే రోడ్డు మీద రేపల్లె తీసుకెళ్ళి స్టేషను ముందు నిలబెట్టాలి. లెక్చరర్‌గారు నడిపారు, పక్కన మేస్త్రిగారు, వెనక నేను. టాపు నాది కాబట్టి నన్ను కూడా రమ్మన్నారు. అంత గౌరవం నాకు అంతకు ముందు జరగలేదు.

మబ్బుగా ఉంది. టాపు మడిచి బయలుదేరాం. వేమూరు దాటుతుండగా వాన అందుకుంది. టాపు లేపి బిగించారు. లోపల చుక్క పడలేదు. లెక్చరర్‌గారు వెనక్కి తిరిగి, "ఏమ్మా, గొడుగు బాగా కుట్టావే" అన్నారు. కాసేపటికి తలెత్తి చూస్తే గుడ్డ కుట్లు తెగేంత బిగుసుకుని ఉంది. తడపకుండా కోసిన సంగతి గుర్తొచ్చింది. నోరు మాత్రం విప్పలేదు.

వాన ఆగింది. ఊళ్ళో జనం చూడాలి కదా అని లెక్చరర్‌గారు టాపు మడిపించారు. భట్టిప్రోలు చేరేలోపల మళ్ళీ వాన. మళ్ళీ లేపారు. ఈసారి గుడ్డ ముందు ఫ్రేముకి అందలేదు. మూడు వేళ్ళ ఎడం. నేను సీట్లు తడవకుండా దుప్పటి కప్పుతున్నాను. మేస్త్రిగారు వానలోకి దిగి ముందు వైపు చాలాసేపు అవస్థపడ్డాడు. మొత్తానికి కొక్కేలు పడ్డాయి. రెండు ఫర్లాంగులు కూడా పోలేదు, నా నెత్తి మీద ఫట్ మని చప్పుడైంది. మధ్య వంపు చెక్క, వంపు తిరిగే చోట, నిలువునా చీలిపోయింది.

కారాపారు. మేస్త్రిగారు చీలిక తడిమి చూసి, "పచ్చి కర్ర" అన్నాడు. అంతే.

స్టేషను ముందుకు చేరేసరికి వాన వెలిసింది. బాబాయ్ అప్పటికే వచ్చి ఉన్నాడు. ఉతికిన పంచె, కొత్త తువ్వాలు. తన పని చూపించడానికి వాళ్ళ ఊరి మనిషి ఒకణ్ణి కూడా వెంటబెట్టుకొచ్చాడు. కారు చుట్టూ తిరిగి, విరిగిన చోట వేలు పెట్టి చూశాడు. తర్వాత గుడ్డ అంచుని రెండు వేళ్ళతో పట్టుకుని చూశాడు. నా వంక చూడలేదు.

"ఏమయ్యా, ఎండిన కర్రేనా అది?" అన్నాడు మేస్త్రిగారు.

"ఎండిందే మేస్త్రీ. రెండు వేసంగులు చూసిన కర్ర."

"రెండు వేసంగులు చూసింది ఒక్క వానకి విరుగుతుందా?"

లెక్చరర్‌గారు చెడ్డవారు కారు. కానీ ఆ రోజు కోసం నెల రోజులుగా ఏర్పాట్లు చేసిన మనిషి. "నీళ్ళ మీద తేలేవి చేసేవాళ్ళకి రోడ్డు మీద నడిచేవి ఏం తెలుస్తాయి, మనదే తప్పు" అని, "ఆ మూడు బండ్ల సంగతి ఇంక వదిలేయండి మేస్త్రీ" అన్నారు.

బాబాయ్ వెంట వచ్చిన మనిషి తల దించుకున్నాడు. బాబాయ్ మాత్రం, "విరిగింది కర్రే కదండి. పూచీ నాదే" అన్నాడు.

నేను స్టేషను గోడ పక్కన నిలబడి ఉన్నాను. అప్పుడు నా బుర్రలో నడిచిన లెక్క ఉన్నదున్నట్టు చెబుతాను. చెబితే నా చోటు పోతుంది. మళ్ళీ జాకెట్లే. మూడేళ్ళుగా "ఆడమనిషి ఏం కుడుతుంది" అన్న నోళ్ళన్నీ మళ్ళీ తెరుచుకుంటాయి. చెప్పకపోతే ఏమీ కాదు. బాబాయ్ కూడా చెప్పడని అప్పటికే అర్థమైంది. ప్రభువా, నా నోరు తెరిపించు అని మాత్రం అడిగాను. తెరుచుకుంటుందేమోనని భయపడుతూనే అడిగాను.

బండి వచ్చింది. చివరి పెట్టెలోంచి గార్డుగారు దిగారు. మెడలో రైల్వేవాళ్ళు వేసిన దండ, చంకలో పచ్చజెండా ఎర్రజెండా కలిపి చుట్టిన చుట్ట. నవ్వుతూ బయటికి వచ్చి కారుని చూశారు. నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళలోంచి పోయింది.

"కర్ర పచ్చిది సార్" అన్నాడు మేస్త్రిగారు.

గార్డుగారు బాబాయ్ వైపు తిరిగారు. "ఎండిన కర్రే అన్నావు కదయ్యా నాతో."

"అన్నానండి."



"కర్ర తప్పు కాదండి" అన్నాను. నా గొంతు నాకే చిన్నగా వినిపించింది. ఇంకోసారి అన్నాను. "గుడ్డ తప్పు. నాది. తడపకుండా కోశాను. వానకి కుంచించుకుపోయి కర్రని లాగేసింది."

మేస్త్రిగారు విసుక్కున్నాడు. "నువ్వు ఊరుకో అమ్మాయ్. పెద్దాయన్ని చూసి జాలిపడి చెబుతోంది సార్. ఈవిడ సంగతి మీకు తెలీదా, చీమని తొక్కినా ప్రార్థన చేసే రకం."

అందరూ కొంచెం నవ్వారు. నేనలాంటి దాన్నేనని వాళ్ళు నిజంగానే నమ్ముతున్నారు. నా భక్తే నా మాటకి అడ్డొస్తుందని నేను ఎన్నడూ అనుకోలేదు. ఆ మంచిపేరు చాటున అక్కడితో ఆగిపోవచ్చు కూడా. చెప్పానుగా, నమ్మలేదు, నేనేం చెయ్యను అనుకోవచ్చు. నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం అలాగే అనుకున్నాను.

అప్పుడు సీటు కింద స్పానర్లు చుట్టి ఉంచిన గుడ్డ గుర్తొచ్చింది. టాపు కోసేటప్పుడు మిగిలిన పట్టీ. వెళ్ళి తీశాను. పొడిగా ఉంది. సంచిలోంచి టేపు తీసి గార్డుగారికి ఇచ్చాను.

"ఒకసారి కొలవండి సార్."

ఆయన దండతోనే వంగి కొలిచారు. "ముప్పయ్యారు అంగుళాలు. గజం."

ప్లాట్‌ఫారం మీద నిప్పంటుకుంటే ఆర్పడానికి వేలాడదీసిన ఎర్ర బకెట్లు ఉంటాయి. ఒక దాంట్లో నీళ్ళున్నాయి. అక్కడికి వెళ్ళి పట్టీ ముంచాను.

"ఎంతసేపమ్మా?" అన్నారు గార్డుగారు.

"పది నిమిషాలు నానాలండి."

ఆయన గడియారం చూసుకున్నారు. సర్వీసంతా అదే పని చేసిన మనిషి. "సరే, పది నిమిషాలు లేటు రాసుకుందాం" అన్నారు. కూలీలు, బుకింగు గుమాస్తా, బాబాయ్‌తో వచ్చిన మనిషి, అందరూ బకెట్టు చుట్టూ చేరారు. గార్డుగారిని సాగనంపడానికి వచ్చిన వాళ్ళు అటు కాఫీ తాగుతూ, ఇక్కడేం జరుగుతోందని అడుగుతున్నారు. "గుడ్డకి స్నానం" అన్నాడొక కూలీ.

పది నిమిషాలయ్యాక పట్టీ తీసి, ఒక కొస నేను, ఒక కొస గార్డుగారు పట్టుకుని చదును చేశాం. లెక్చరర్‌గారు టేపు పట్టారు. కళ్ళద్దాలు పైకి తోసుకుని రెండుసార్లు కొలిచారు.

"ముప్పై నాలుగున్నర" అన్నారు.

పట్టీ కొస నుంచి నీళ్ళు గార్డుగారి తెల్ల ప్యాంటు మీద కారుతున్నాయి.

లెక్చరర్‌గారు బాబాయ్‌ని అడిగారు. "నీకు తెలుసా ఈ సంగతి?"

"గుడ్డ పట్టుకుంటే తెలుస్తుందండి."

"మరి చెప్పవేం?"

"విరిగింది కర్రండి" అన్నాడు బాబాయ్ మళ్ళీ.

గార్డుగారు పట్టీని పిండి, నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చారు. నన్ను ఏమీ అనలేదు. బాబాయ్ భుజం మీద చెయ్యేసి, "రావయ్యా, ముందు సీట్లో కూర్చో" అన్నారు. టాపు పూర్తిగా మడిచేశారు. ఆయనే స్టీరింగు పట్టుకున్నారు. బాబాయ్ పక్కన, లెక్చరర్‌గారూ బాబాయ్ ఊరి మనిషీ వెనక. తుంపర పడుతూనే ఉంది. దండ వేసుకున్న గార్డుగారు, ఒళ్ళో తలపాగా పెట్టుకున్న బాబాయ్, ఇద్దరూ తడుస్తూ రేపల్లె బజారులోకి వెళ్ళారు. వానలో టాపు లేని కారు చూసి జనం నవ్వితే, బాబాయ్ వాళ్ళకి నమస్కారం పెట్టాడని తర్వాత విన్నాను.

తర్వాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను. ఆ మూడు కార్ల చెక్కపనీ బాబాయే చేశాడు. రెండేళ్ళు కాదు, మూడేళ్ళు పట్టింది. గార్డుగారి కారుకి కొత్త వంపు చెక్క చేసిన రోజు నేను కొత్త గుడ్డని తడిపి ఆరేసి తీసుకెళ్ళాను. కట్టుబాటు నాకూ వర్తించింది. లెక్చరర్‌గారి సీట్లు నాకివ్వలేదు. నేను అడగలేదు. ఏడాది తర్వాత ఆయనే బాపట్ల నుంచి వచ్చి, వేరేవాళ్ళు కుట్టిన సీట్లు చూపించి, "విప్పి మళ్ళీ కుట్టమ్మా, నడుం నొప్పిగా ఉంది" అన్నారు. తొంభైలలో బాపట్ల, రేపల్లె, దుగ్గిరాల నుంచి వచ్చిన బండ్లకి నా మిషను ఆగింది లేదు. మొన్నమొన్న చూపు మందగించే దాకా కుడుతూనే ఉన్నాను. గుడ్డలో నిగనిగ చూసినప్పుడల్లా మొదట బకెట్టు తెచ్చుకున్నాను.

ఏం చదవాలని అడిగిన అమ్మాయికి నాకు తెలిసింది ఇంతే. పైర్ల చీడలు చదివినవాడు, పచ్చజెండా ఊపినవాడు, బొమ్మ ఆడించినవాడు, పడవ చెక్కినవాడు, జాకెట్లు కుట్టింది, ఎవరి దారిన వాళ్ళు వచ్చి ఆ కార్ల దగ్గర కలిశాం. ఏ దారిన వచ్చినా వెనకటి పనిలో నేర్చుకున్నది అక్కడ పనికొచ్చింది. నేను చెడింది, నాకు తెలిసిన దాన్ని పక్కన పెట్టినచోటే.

ఆ సాయంత్రం సంగతి ఇంకొకటి ఉంది.

కారు వెళ్ళిపోయాక నేనూ మేస్త్రిగారూ తెనాలి వెళ్ళడానికి అదే రైలెక్కాం. అదే పెట్టెలు, గార్డు మాత్రం వేరే ఆయన. ఎదురెదురుగా కూర్చున్నాం. మేస్త్రిగారు పనిముట్ల సంచి ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తున్నాడు. రేపటి నుంచి రావద్దంటాడని ఎదురుచూస్తున్నాను. ఎలా అంటాడో కూడా ఊహించుకున్నాను. బండి కదిలి పల్లెకోన దాటింది.

"నీ గుడ్డ ఒక్కదానివల్లే కాదు" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"గుడ్డ అందలేదు కదా. టైరు ఊడదీసే ఇనప లీవరు పెట్టి లాగాను. కర్ర కిర్రుమంది. విన్నాను. ఆగాల్సింది. ఆగలేదు."

పక్క సీట్లో ఒక ముసలావిడ నిద్రపోతోంది.

"అక్కడ చెప్పలేదేమండి?" అని అడిగాను.

"నువ్వు చెప్పేశావుగా. సరిపోయింది కదా అనుకున్నాను."

"నేను నా వంతే చెప్పానండి."

ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగా ఆ ఒక్కటే నాకు తెలిసింది. ఆయన మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు. ఆయనకి అప్పుడు యాభై దాటి ఉంటాయి. ఆయన పని చెడిందని ఎవరూ ఎప్పుడూ అనలేదు. ఇక మాట్లాడడనుకుని నేను కళ్ళు మూసుకున్నాను.

భట్టిప్రోలులో బండి ఆగింది. సీటు చప్పుడైతే కళ్ళు తెరిచాను. ఆయన సంచి భుజాన వేసుకుని లేచి నిలబడి ఉన్నాడు.

"ఎక్కడికండి?"

"లీవరు కారులో మర్చిపోయాను. గార్డుగారింటికి వెళ్ళి తెచ్చుకుంటా. నువ్వు ఇంటికెళ్ళిపో."

లీవరు పిడి ఆయన సంచి మూతిలోంచి బయటికి కనిపిస్తూనే ఉంది. ఉందండీ అని నేను అనలేదు. "మంచిదండి, జాగ్రత్తగా వెళ్ళిరండి" అన్నాను. ఆయన దిగాడు. గార్డు ఈల వేశాడు. బండి కదులుతుంటే కిటికీలోంచి చూశాను. మేస్త్రిగారు ప్లాట్‌ఫారం మీద ఒక బఠాణీలమ్మే ఆయన్ని ఆపి, రేపల్లె బస్సు ఎక్కడ ఆగుతుందని అడుగుతున్నాడు.